రెండు దినముల ధర్మసూక్ష్మము

గర్భములోనికి జీవుడు ఎప్పుడు ప్రవేశించును? వేదాంతశ్రవణము చేయువారికి ఈ ప్రశ్న క్రొత్తది కాదు. సమాధానము మాత్రము ఒక్కటి కాదు. శుక్రశోణితములు జీవునితో కూడినప్పుడే దానికి గర్భమను పేరు చెల్లునని చరకుని మతము. అనగా తొలిక్షణముననే జీవుడు అక్కడ ఉన్నాడు. నాలుగవ మాసమున హృదయము ఏర్పడుటచే చైతన్యము వ్యక్తమగునని, అందువలననే గర్భిణిని దౌహృదిని, అనగా రెండు హృదయములు గలది, అని పిలుతురని సుశ్రుతుడు చెప్పాడు. గర్భోపనిషత్తు ఏడవ మాసమున గర్భము జీవసంయుక్తమగునని, తొమ్మిదవ మాసమున ఆ జీవుడు తన పూర్వజన్మలను స్మరించునని వర్ణించుచున్నది.

రాజమహేంద్రవరములో ఒక విశ్రాంత సంస్కృతాధ్యాపకుడు ఈ మూడు మతములను ముప్పది సంవత్సరములు బోధించారు. ఆయనను అందరూ మాస్టారు అనియే పిలుతురు. ప్రతి శనివారము సాయంకాలము కోవెల మండపములో ఆయన ప్రవచనము జరుగును. భ్రూణహత్య ప్రస్తావన వచ్చినప్పుడు ఆయన కంఠము కఠినమయ్యేది. అది మహాపాతకము, దానికి మినహాయింపు లేదు అని చెప్పి, పుట తిప్పి, తరువాతి విషయమునకు వెళ్ళేవారు. జీవప్రవేశమును గూర్చిన మూడు మతములలో ఏది ప్రమాణమని ఎవరైనా అడిగితే, "మూడూ ప్రమాణమే, చూచే చోటు వేరు" అని చిరునవ్వు నవ్వేవారు. ఆ సమాధానము శ్రోతలకు చాలేది. ఆయనకును చాలేది.

ఆయన ఏకైక కుమార్తె వివాహమైన నాలుగేండ్లకు గర్భవతి అయింది. అల్లుడు విశాఖపట్నములో ఉద్యోగి. వేవిళ్ళు అధికముగా ఉండుటచే ఆమె మూడవ మాసముననే పుట్టింటికి వచ్చింది. 12వ వారములో తీసిన స్కానింగులో అంతా సవ్యముగానే కనిపించింది. 20వ వారములో టిఫా స్కాన్ తప్పక చేయించుకోవాలని వైద్యురాలు చీటీ వ్రాసి ఇచ్చారు. మాస్టారు వద్దన్నారు.

"ఇన్నిసార్లు మిషను పెట్టి చూడటం బిడ్డకి మంచిది కాదమ్మా. నువ్వు బాగున్నావు, బిడ్డ కదులుతోంది. ఇంకేం చూస్తారు?"

ఆ పరీక్ష ధ్వనితరంగములతో చేసేదని, ఎక్స్‌రే వంటిది కాదని ఆయన తెలుసుకొనలేదు. శిశువు అవయవములను ఒక్కొక్కటిగా చూచుటకు ఆ వారములే అనువైనవని కూడ తెలుసుకొనలేదు. తండ్రి మాటను కుమార్తె కాదనలేదు. సాయంకాలములలో ఆయన భాగవతము నుండి ఉత్తరాగర్భరక్షణ ఘట్టము చదివేవారు. అశ్వత్థామ విడిచిన అస్త్రము నుండి శ్రీకృష్ణుడు గర్భస్థుడైన పరీక్షిత్తును కాపాడిన కథ అది. ఆమె ఉదరముపై చేయి ఉంచుకొని వినేది.

24వ వారము దాటిన తరువాత వైద్యురాలు టేపుతో కొలిచి, గర్భము వారములకు తగినట్లు పెరగలేదని గుర్తించారు. వెంటనే స్కానింగు చేయించారు. ఉమ్మనీరు దాదాపు లేదు. విశాఖలో గర్భస్థ శిశువులను పరీక్షించు నిపుణురాలి వద్దకు పంపారు. అక్కడ ఆమె చాలసేపు చూచారు. గర్భమునకు సరిగా 25 వారములు నిండిన దినము అది. శిశువునకు రెండు మూత్రపిండములును లేవు. వాటికి రక్తము తీసుకొనిపోవలసిన ధమనులు కూడ కనబడలేదు. మూత్రాశయము ఒక్కసారియైనా నిండలేదు.

నిపుణురాలు యంత్రమును ప్రక్కకు జరిపి, కుర్చీ దగ్గరకు లాగుకొని, మొదట కుమార్తెతోనే మాట్లాడారు. ఆరంభమాసములలో ఉమ్మనీరు తల్లి నుండియే ఎక్కువగా వచ్చును. అందుచేత 12వ వారములో లోపము తెలియలేదు. సుమారు 16వ వారము నుండి ఆ నీరు ప్రధానముగా శిశువు మూత్రమే. శిశువు దానిని మ్రింగును, ఊపిరితిత్తులలోనికి పీల్చి విడుచును. ఆ నీటి ఒత్తిడి చేతనే ఊపిరితిత్తులు పెరుగును. మూత్రపిండములు లేనిచోట నీరు లేదు; నీరు లేనిచోట ఊపిరితిత్తులు లేవు. లోపలనున్నంత కాలము తల్లి రక్తమే శిశువును శుద్ధి చేయును, తల్లి శ్వాసయే శిశువునకు శ్వాస. అందుచేత గుండె కొట్టుకొనుచున్నది, కాళ్ళు కదులుచున్నవి. బొడ్డుత్రాడు తెగిన తరువాత గంటలు మాత్రమే.

మాస్టారు వార్తాపత్రికలలో చదివిన విషయము అడిగారు. "25 వారాలకే పుట్టిన పిల్లలు బ్రతుకుతున్నారంటున్నారు కదండీ. ఇంకొన్ని వారాలు ఆగితే..."

నిపుణురాలు ఆ ప్రశ్నను త్రోసివేయలేదు. గర్భము వెలుపల జీవించగల సామర్థ్యమును వైద్యులు జీవనక్షమత అందురు. అది శిశువులో ఒక్కటియే ఉండు గుణము కాదని, శిశువునకు, కాలమునకు, వైద్యమునకు నడుమ ఉండు సంబంధమని ఆమె వివరించారు. 1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ దంపతులకు ఐదున్నర వారములు ముందుగా పుట్టిన కుమారుడు 39 గంటలు మాత్రమే జీవించాడు. ఊపిరితిత్తులను తెరచి ఉంచు సర్ఫాక్టెంట్ అను ద్రవ్యము ఆ బిడ్డకు చాలినంత లేకపోయింది. నాడు లోకములోని ఏ వైద్యుడును ఏమియు చేయలేకపోయాడు. 1972లో న్యూజీలాండ్ వైద్యులు లిగిన్స్, హౌవీలు తల్లికి స్టెరాయిడ్ సూదిమందు ఇచ్చినచో శిశువు ఊపిరితిత్తులు త్వరగా పక్వమగునని చూపారు. 1980లో జపానులో ఫుజివారా ఆ ద్రవ్యమునే బయటనుండి శిశువులకు ఇచ్చి ఫలితము సాధించాడు. ఒకప్పుడు 28 వారములు అనుకొన్న సరిహద్దు ఇప్పుడు 24కు, గొప్ప సదుపాయములున్న కొన్ని చోట్ల 22, 23 వారములకు జరిగింది. నేడు ఆ కెన్నెడీ శిశువు పుట్టినచో సాధారణముగా ఇంటికి వెళ్ళును.

"కానీ మాస్టారూ, ఆ పిల్లలందరికీ కావలసినది సమయం. అవయవాలు ఉన్నాయి, పక్వం కాలేదు. మేము ఆ సమయం ఇస్తాము. ఈ బిడ్డకి సమయం ఇచ్చినా అవయవం రాదు. 25 వారాలకైనా, నెలలు నిండాకైనా స్థితి ఒక్కటే." విదేశములలో గర్భములోనికి నీరు ఎక్కించి చూచిన ప్రయత్నములను కూడ ఆమె దాచలేదు. ఊపిరితిత్తులు కొంత పెరిగినను, పుట్టిన నాటి నుండి డయాలిసిస్, బ్రతికినచో పెరిగిన తరువాత మూత్రపిండ మార్పిడి. ఇంటికి చేరినవారు తక్కువ అని చెప్పారు.

"నేను స్కానింగ్ వద్దన్నాను" అన్నారు మాస్టారు.

"మూత్రపిండాలు ఏర్పడవలసింది తొలి వారాల్లో. మీరు వద్దనకముందే అయిపోయింది. అప్పుడు చేయిస్తే ముందుగా తెలిసేది, అంతే."

ఆ "అంతే" అను మాటలో ఎంత ఉన్నదో తిరుగు ప్రయాణములో ఆయనకు అర్థమైంది. వైద్యురాలు సత్యమే చెప్పింది, దయతోనే చెప్పింది. కాని ఆ ఐదు వారములలో కుమార్తె బిడ్డ కదలికలను గుర్తుపట్టడము నేర్చుకొన్నది. భాగవత పఠనమునకు కూర్చొన్నప్పుడు కదలిక ఎక్కువగునని మురిసిపోయింది. ఊయల గూర్చి మాట్లాడింది.

నిపుణురాలు రెండు మార్గములు చూపారు. ఒకటి: గర్భమును కొనసాగించి, ప్రసవించి, బిడ్డ ఉన్నంతసేపు ఒడిలో ఉంచుకొని, బాధ తెలియకుండ చూచుట. రెండు: ఇప్పుడే గర్భమును విరమించుట. ఈ వారములలో అట్లు చేయునప్పుడు ముందుగా స్కానింగులో చూచుచు సూదిమందుతో శిశువు గుండెను ఆపుదురు. ఆ తరువాతనే నొప్పులు తెప్పింతురు. "రెండూ కష్టమే. ఏది తేలికని నేను చెప్పను" అన్నారు ఆమె.

న్యాయమార్గము కూడ తెలిసింది. 1971 నాటి వైద్య గర్భవిరమణ చట్టము 20 వారముల అవధిని పెట్టింది. 2008లో ముంబయిలో, గర్భస్థ శిశువునకు హృదయలోపమున్నదని 24వ వారములో తెలిసిన దంపతులు న్యాయస్థానమును ఆశ్రయించగా అనుమతి లభించలేదు. కొలది దినములకే ఆ గర్భము దానంతట అదియే పోయింది. నాటి నుండి జరిగిన చర్చకు ఫలముగా 2021లో చట్టమును సవరించారు. 20 నుండి 24 వారముల వరకు, నిర్ణీతమైన సందర్భములలో, ఇద్దరు వైద్యుల అభిప్రాయము చాలును. 24 దాటిన తరువాత, శిశువునకు తీవ్రమైన లోపమున్నదని ప్రభుత్వము నియమించిన వైద్య మండలి నిర్ధారించినచో వారముల అవధి వర్తించదు. మండలి 3 దినములలో అభిప్రాయము చెప్పాలి. అంగీకరించినచో అర్జీ అందిన 5 దినములలో ప్రక్రియ పూర్తి కావాలి.

ఆ రాత్రి మాస్టారు నిద్రపోలేదు. మూడవ జామున లేచి, దీపము వెలిగించి, పంచాంగము తీశారు. కుమార్తె నెల తప్పిన లెక్క నుండి తిథులు లెక్కపెట్టారు. 25 వారములు అనగా 175 దినములు. ఆరు చాంద్రమాసములు అనగా సుమారు 177. ఇంటిలో పెద్దలు లెక్కించు పద్ధతిలో ఆరవ మాసము నిండుటకు ఇంక రెండు దినములు ఉన్నవి. గర్భోపనిషత్తు చెప్పిన జీవసంయోగము ఏడవ మాసములో. ఈ రెండు దినములలోపల కార్యము ముగిసినచో?

ఆయన మరల లెక్కించారు. వైద్యుల లెక్క ఋతుకాలము నుండి. గర్భధారణము రెండు వారముల తరువాత. అట్లు చూచినచో పదునారు దినములు మిగిలినవి. ఆయన హృదయము కొంత తేలికపడింది. మండలి 3 దినములు, ప్రక్రియ 5 దినములు, సరిపోవును. శాస్త్రము అడ్డు రాదు. ఆయన ఆ సంఖ్యలను కాగితముపై వ్రాసి, క్రింద గీత గీశారు.

తెల్లవారుజామున కుమార్తె మంచినీళ్ళకు లేచి, ఆ కాగితము చూచింది. సంస్కృతము చదువకపోయినను ఆ గృహములో పెరిగినది; చూడగానే అర్థమైంది.

"నాన్నగారూ, ఎల్లుండి చేస్తే పాపం, ఇవాళ చేస్తే కాదా?"

మాస్టారు సమాధానము చెప్పలేకపోయారు. ముప్పది సంవత్సరములు "చూచే చోటు వేరు" అని చెప్పిన మాట ఆయనకే ఎదురై నిలిచింది. నాలుగవ మాసముననే రెండు హృదయములు అని సుశ్రుతుడు చెప్పెనే, అది ఈ లెక్కలో ఎక్కడ? తొలిక్షణముననే జీవుడున్నాడని చరకుడు చెప్పెనే, అది ఎక్కడ? తనకు అనుకూలమైన మతమును ఏరుకొని, దానిలోను అనుకూలమైన లెక్కను ఏరుకొని, దానికి శాస్త్రమని పేరు పెట్టుచున్నానని ఆయన గ్రహించారు. శాస్త్రము దీపము వంటిది. దారి చూచుకొనుటకు వెలిగించుకొనవలెను గాని, దాని వెనుక దాగుకొనుటకు కాదు. ఆయన కాగితమును మడిచి దీపము దగ్గర పెట్టారు. "నాకు తెలియటం లేదమ్మా" అన్నారు. తండ్రి నోట ఆ మాట ఆమె వినుట అదియే ప్రథమము.

తరువాతి రెండు దినములు ఇంటిలో అనేక మాటలు వినబడినవి. కుమార్తె తల్లి, "పరీక్షిత్తుని కాపాడినవాడు మన బిడ్డని కాపాడడా? ఆగుదాం" అన్నది. ఆమె భక్తిని ఎవరు కాదనగలరు? కాని ఆ భాగవతములోనే దేవకీదేవి ఆరుగురు బిడ్డలు పుట్టినవెంటనే వెళ్ళిపోయారు; ఆ తల్లి గర్భమును కూడ భగవంతుడు చూచుచునే ఉన్నాడు. ఒక గర్భమును నిలుపుట, మరియొక గర్భమును విడుచుట, రెండును ఆయన లీలలోనివే అయినప్పుడు, మనకు నచ్చిన కథను మాత్రమే ప్రమాణముగా చూపుట ప్రార్థన కాదు, పట్టుదల.

దగ్గరి బంధువు ఒకరు, ఆయనయు వేదాంతము విన్నవారే, ఓదార్పుగా అన్నారు: "ఆత్మకి చావు లేదు కదా బావగారూ! దేహమే కదా పోయేది. దీనికింత ఆలోచన దేనికి?"

మాస్టారు ఆ మాటకు తల పంకించలేదు. ఆత్మ నిత్యమను సత్యము దుఃఖించువాని శోకమును తొలగించుటకు చెప్పబడినది. చేయబోవు కర్మ యొక్క భారమును తేలిక చేయుటకు కాదు. ఆ తర్కమే చెల్లినచో లోకములో హింస అనునదే లేకపోవును. ఏ ఘాతుకుడైనను దేహమునే కదా తాకినానని చెప్పగలడు. పారమార్థికమైన వాక్యమును వ్యావహారికమైన బాధ్యత నుండి తప్పించుకొనుటకు వాడరాదని శ్రోతలకు ఆయనే ఎన్నిమార్లో చెప్పారు. ఇప్పుడు ఆ సౌకర్యము తనకే అందివచ్చినప్పుడు కాదనుట ఎంత కష్టమో తెలిసింది.

ఇక వీధిలో వేరొక మాట పుట్టింది: "నెలలు నిండిన బిడ్డనట!" నెలలు నిండుట అనగా 37 వారములు దాటుట. సాధారణముగా వైద్యులు అట్టి గర్భమును విరమింపజేయరు; ప్రసవింపజేయుదురు. ఇట్లు ఆలస్యముగా గర్భమును విరమించుకొను తల్లి తొందరపడక ఆలస్యము చేసినదని లోకము తలచును. చాలమారులు ఆలస్యముగా వచ్చినది తల్లి కాదు, ఆ వార్త. గుండెలోని గదులు, మెదడు నిర్మాణము, వెన్ను, మూత్రపిండములు స్పష్టముగా కనబడునది 18, 20 వారముల తరువాతనే. ఒక్కొక్కప్పుడు తల్లికే ప్రాణాపాయము కలుగును: రక్తపోటు విపరీతముగా పెరిగి కాలేయము, మెదడు దెబ్బతినుట; ఉమ్మనీటి సంచి ముందే పగిలి గర్భకోశమునకు, రక్తమునకు విషము సోకుట. తల్లి ప్రాణమును కాపాడుటకు తక్షణము అవసరమైనప్పుడు చట్టము వారములను లెక్కించదు. మృతగర్భమును ఒక్క ముహూర్తమైనను ఉపేక్షింపరాదని, అది తల్లిని హరించునని సుశ్రుతుడు హెచ్చరించాడు. మూఢగర్భ చికిత్స అతికష్టమైనది కనుక పాలకుని అనుమతి గైకొని, పరమయత్నముతో ఆరంభింపవలెనని కూడ ఆయన చెప్పాడు. నేటి మండలి, న్యాయస్థానము ఆ ప్రాచీనమైన జాగ్రత్తకు క్రొత్త రూపములు.

మూడవ దినమున కుమార్తె తన నిర్ణయము చెప్పింది. భర్త ఆమె ప్రక్కన కూర్చొని ఉన్నాడు.

"నేను ఊపిరి పీలుస్తున్నంతసేపే బిడ్డ ఊపిరి. బయటికి వచ్చి ఊపిరి కోసం వెదుక్కోవడం నేను చూడలేను, నాన్నగారూ. నా లోపల వెచ్చగా ఉండగానే వెళ్ళిపోనివ్వండి. ఇంకో తల్లి అయితే చివరిదాకా మోస్తుందేమో. అది తప్పు కాదు. నాకు మాత్రం ఇదే సరి అనిపిస్తోంది."

మాస్టారు చాలసేపటికి మాట్లాడారు. "పాపం కాదని చెప్పే అధికారం నాకు లేదు తల్లీ. పాపమని చెప్పే అధికారం కూడా లేదని ఈ మూడు రోజుల్లో తెలిసింది. ఏ భారం ఉన్నా అందులో నా వంతు నేను మోస్తాను."

మండలి ముందు ఆయన ఒక విచిత్రమును గమనించారు. సమ్మతిపత్రముపై కుమార్తె సంతకము ఒక్కటియే అడిగారు. యుక్తవయస్కురాలైన స్త్రీ విషయములో చట్టమునకు భర్త అంగీకారము అవసరము లేదు, తండ్రి అంగీకారము అవసరము లేదు. మూడు దినములు తన మనస్సులో తాను అనుమతి ఇచ్చుటయా మానుటయా అని మథనపడ్డారు. ఆ అనుమతిని ఎవరును అడుగనేలేదు. ఆయన అహంకారమునకు అది దెబ్బయే. కాని ఆరోగ్యకరమైన దెబ్బ. మోసినది ఆమె, మోయవలసినది ఆమె. తండ్రికి మిగిలినది తోడుండుట.

మండలి వైద్యులు తేలికగా సంతకము పెట్టలేదు. మరల స్కానింగు చేశారు. ఆ మెలకువ ఎందుకో మాస్టారు తరువాత చదివి తెలుసుకొన్నారు. 2023 అక్టోబరులో సర్వోన్నత న్యాయస్థానము ముందునకు ఒక వివాహిత వచ్చింది. ఇద్దరు బిడ్డల తల్లి. రెండవ కాన్పు తరువాత తీవ్రమైన మానసిక వ్యాధికి చికిత్స పొందుచున్నది. గర్భము 26 వారములకు చేరింది. మొదట అనుమతి లభించింది. అప్పుడు ఢిల్లీ ఎయిమ్స్ వైద్యుడు ఒకరు, శిశువు బ్రతుకుటకు అవకాశము బలముగా ఉన్నదని, గుండెను ఆపమందురా అని లిఖితపూర్వకముగా అడిగారు. అక్టోబరు 11న ఇద్దరు మహిళా న్యాయమూర్తులు భిన్నాభిప్రాయములు వెలిబుచ్చారు. 16న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనము, శిశువునకు లోపము లేదని, తల్లి ప్రాణమునకు తక్షణ ముప్పు లేదని, అనుమతిని నిరాకరించింది. అచట శిశువు బ్రతుకగలదు, తల్లి మోయలేనన్నది. ఇచట తల్లి మోయగలదు, శిశువు బ్రతుకలేదు. వారములు ఇంచుమించు ఒక్కటే, ధర్మసంకటములు వేరు. సంఖ్య ఒక్కటియే చూచువాడు రెండింటిని ఒకే త్రాసులో తూచును. తాను పంచాంగముతో చేయబోయినది అదియే కదా అని ఆయన సిగ్గుపడ్డారు.

అర్జీ పెట్టిన ఐదవ దినమున ప్రక్రియ జరిగింది. ఇంటి లెక్కలో ఏడవ మాసము ప్రవేశించింది. గర్భధారణ లెక్కలో ఇంకను ఆరవ మాసమే. ఏ లెక్క నిజమో ఎవరును మాట్లాడలేదు. మాస్టారు ఆసుపత్రి వరండాలో గోడకు ఆనుకొని కూర్చొన్నారు. చేతిలో గ్రంథము లేదు. నామము మాత్రము లోపల నడచుచున్నది.

ఆడశిశువు. అంతవరకు ఎవరికిని తెలియదు. గర్భములోని శిశువు లింగమును చెప్పుట 1994 చట్టము ప్రకారము నేరము. నర్సు ఆ బిడ్డను తెల్లని గుడ్డలో చుట్టి తెచ్చింది. కుమార్తె ఒడిలోనికి తీసుకొని, వ్రేళ్ళు లెక్కపెట్టింది. తరువాత తండ్రికి అందించింది. దోసెడు బరువు.

రెండేండ్లు నిండని శిశువునకు అగ్నిసంస్కారము లేదు, ఉదకక్రియ లేదు. శుచియైన భూమిలో నిక్షేపించుటయే ధర్మశాస్త్ర విధి. ఇన్నేండ్లు ఆ విధిని పాఠముగా చెప్పునప్పుడు శాస్త్రము ఆ శిశువును లెక్కలోనికి తీసుకొనలేదని ఆయన భావించేవారు. ఆ దినమున గొయ్యి దగ్గర మోకాళ్ళపై కూర్చొన్నప్పుడు వేరుగా తోచింది. అగ్ని, నీరు, పిండము, ఇవన్నియు ఋణములు తీర్చుటకు. ఋణమే చేయని జీవునకు తీర్చవలసినది ఏమున్నది? నేల తల్లి చాలును. ఆయనయు అల్లుడును చేతులతోనే మట్టి పూడ్చారు.

మూడవ దినమున కుమార్తెకు పాలు పడినవి. శరీరమునకు వారముల లెక్క తెలియదు, మండలి తీర్మానము తెలియదు. చీర తడిసినప్పుడు, అంతవరకు కన్నీరు పెట్టని ఆ పిల్ల తల్లి భుజముపై పడి ఏడ్చింది. ఆ తల్లి కూడ ఏడ్చింది. వైద్యురాలు పాలు ఆగుటకు మాత్రలు వ్రాశారు. ఇంటికి వచ్చినవారు అందరును ఒకే మాట చెప్పుచున్నారు: "మరచిపోమ్మా. చిన్నదానివి. మళ్ళీ కలుగుతారు."

ఒక సాయంకాలము మాస్టారు ఆమె మంచము ప్రక్కన కూర్చొని భాగవతము తీశారు. ఉత్తర కథ కాదు. దశమస్కంధము చివరి భాగములోని ఒక ఘట్టము. శ్రీకృష్ణుడు గురువుగారి మృతపుత్రుని తెచ్చి ఇచ్చెనని విని, దేవకీదేవి తన మనస్సులోని కోరిక చెప్పింది. కంసుడు చంపిన ఆ ఆరుగురు బిడ్డలను ఒక్కసారి చూడవలెనని. ఎన్ని సంవత్సరములు గడచినవి! కంసుడు పోయాడు, ద్వారక నిర్మితమైంది, సాక్షాత్తు పరమాత్మయే కుమారుడుగా ఇంటిలో తిరుగుచున్నాడు. అయినను ఆ తల్లి ఆరుగురిని మరువలేదు. మరువమని కృష్ణుడు బోధించలేదు. ఆత్మకు చావు లేదని ఆమెకు గీత చెప్పలేదు. సుతలమునకు వెళ్ళి బిడ్డలను తెచ్చి ఒడిలో ఉంచాడు. ఆమె స్తనములు చేపినవి. వారు పాలు త్రాగి, నమస్కరించి, తమ లోకమునకు వెళ్ళిపోయారు.

"మరచిపోవాలని శాస్త్రంలో లేదమ్మా" అన్నారు మాస్టారు.

కుమార్తె చాలసేపు మౌనముగా ఉన్నది. "ఆ ఘట్టం మళ్ళీ చదవండి నాన్నగారూ" అన్నది.

ఇది జరిగి కొంతకాలమైనది. కోవెలలో శనివారపు ప్రవచనము సాగుచున్నది. భ్రూణహత్య మహాపాతకమని మాస్టారు ఇప్పటికిని చెప్పుచున్నారు. ఆడపిల్ల అని రహస్యముగా తెలుసుకొని తొలగించువారిని గూర్చి, కట్నమునకు, పరువునకు వెరచి గర్భమును రూపుమాపువారిని గూర్చి చెప్పునప్పుడు కంఠము మునుపటివలెనే కఠినమగును. బ్రతుకవలసినదానిని లోభముతోను ద్వేషముతోను లేకుండ చేయుట ఆ పదమునకు అర్థమని చెప్పుదురు. కాని అక్కడ పుట తిప్పుట మానివేశారు. ఆగి, మరియొక మాట చేర్చుదురు. బ్రతుకలేని బిడ్డ కొరకు తల్లి తీసుకొన్న నిర్ణయమునకు ఆ పేరు పెట్టవద్దని. ఆ గది వెలుపల నిలిచినవారికి నామజపము తప్ప వేరు పని లేదని.

జీవుడు ఏ మాసమున వచ్చునని ఎవరైనా అడిగినచో, మూడు మతములను మునుపటివలెనే వివరింతురు. ఏది ప్రమాణమని అడిగినచో చిరునవ్వు నవ్వరు. "వచ్చిన జీవుని ఎట్లు ఆదరించితివి, వెళ్ళు జీవుని ఎట్లు సాగనంపితివి, ఈ రెండే మనలను అడుగుదురు. ఎప్పుడు వచ్చెనో ఆ వచ్చినవానికి తెలియును, పంపినవానికి తెలియును" అందురు.

సాధకులు గ్రహింపవలసినది ఇంతియే. ధర్మము సూక్ష్మమని పెద్దలు చెప్పుట తప్పించుకొనుటకు సందు ఉన్నదని కాదు. చూచుటకు దగ్గరగా వంగవలెనని. దూరము నుండి చూచువానికి వారములును మాసములును కనబడును. వంగి చూచువానికి ఒక తల్లి, ఒక బిడ్డ కనబడుదురు.

ఓం శాంతిః శాంతిః శాంతిః